నాలుగు సెకన్ల మంట

మా పరుగుల క్లబ్బులో ఆవిడని అందరూ పళ్ళక్క అంటారు. పళ్ళు పెద్దవని కాదు, కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని చేస్తుంది కనక. డాక్టర్లు పంపించే అచ్చులు చూసుకుని, మైనంతో చిగుళ్ళు తీర్చి, వాటిలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చివరికి చిన్న మోటారు మీద నున్నగా అరగదీస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ, అదే స్టూలు. బజార్లో ఎవరైనా ముసలాయన నవ్వుతూ ఎదురైతే ముందు ఆయన మొహం చూడదు, పై వరస చూస్తుంది. తన చేతి పని అయితే "మనదే" అని గొణుక్కుని ముందుకి సాగిపోతుంది.

ముప్పై ఆరో ఏట నడుం నొప్పి పట్టుకుంది. స్టూలు మీద ఒంగి కూర్చునే వాళ్ళందరికీ వచ్చేదే. డాక్టరు నడవమన్నాడు. నాలుగు రోజులు నడిచింది, విసుగొచ్చింది. ల్యాబు కిటికీలోంచి ప్రతి గురువారం సాయంత్రం మా క్లబ్బు వాళ్ళు గుంపుగా పరిగెత్తుకుంటూ పోవడం చూసేదిట. ఒక గురువారం చేతులు కడుక్కుని, ఆఫీసు చెప్పులతోనే మా వెనకాల పడింది. ఆ రోజు గుట్ట సగం కూడా ఎక్కలేదు. ఒక బండ మీద కూలబడి, "మీరు పొండి, నేను పోయాక చెప్పి పంపిస్తాను" అంది. అయినా పై వారం మళ్ళీ వచ్చింది, ఈసారి బూట్లు కొనుక్కుని.

ఆ తర్వాత నాలుగేళ్ళకి ఆడవాళ్ళలో ఆవిడే మొదటిది. మరో ఏడేళ్ళు ఆవిడే మొదటిది.

మా పందెం ఏడున్నర కిలోమీటర్లు. ఊరి చివర పాత పంపుల షెడ్డు దగ్గర మొదలై, పొలాల గట్టు మీదుగా వాగు దాకా పోతుంది. వాగు మీద చెక్కల వంతెన. అది దాటగానే గుట్ట. గుట్ట మీద చెట్లు, చెట్ల మధ్య మనిషి వెడల్పు కాలిబాట. పైన ఒక చోట బాట రెండుగా చీలుతుంది. ఎడమది మాది, చెట్లలోంచి దిగి మళ్ళీ షెడ్డుకి చేరుస్తుంది. కుడిది పాత రాళ్ళ క్వారీ వెనక్కి పోయి, ముళ్ళపొదల్లో ఎక్కడో ఆగిపోతుంది. వేసవి నాలుగు నెలలూ గురువారం గురువారం ఈ పందెం ఉంటుంది. షెడ్డు గోడకి ఒక చెక్క పలక, దాని మీద అందరికన్నా తక్కువ సమయం ఎవరిదో సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఆడవాళ్ళ గడిలో ఏడేళ్ళు ఆవిడ పేరే ఉండేది: నలభై ఒక్క నిమిషాల పన్నెండు సెకన్లు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను చివరినుంచి మూడో స్థానం. ఎవరికైనా కాలు బెణికితే నాలుగు. అందుకే టీ పోసే పని నాకు అప్పజెప్పారు. ఆవిడ ఇదంతా నాకు చెప్పింది కూడా టీ బల్ల దగ్గరే.

ఆవిడకో చెల్లెలుంది, ఆరేళ్ళు చిన్నది. ఇంట్లో చిట్టి అంటారు. చిట్టి అంటే ఆవిడకి ప్రాణం. చిన్నప్పుడు దానికి తలలో పేలు చూసింది, జడలు వేసింది, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అంత ప్రాణమూ ఉండగానే, ఇంకో పక్క లోపల ఏదో కుతకుతలాడుతూ ఉండేది. ఆవిడ సైకిలు నేర్చుకోడానికి మూడు వారాలు పట్టింది, రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. చిట్టి అదే సైకిలు ఎక్కిన మొదటి సాయంత్రమే వీధి చివరిదాకా వెళ్ళి, గంట కొట్టుకుంటూ తిరిగొచ్చింది. ఆవిడ లెక్కలు రాత్రిళ్ళు కూర్చుని బట్టీపడితే వచ్చేవి. చిట్టికి జామకాయ కొరుక్కుంటూ వచ్చేవి. వాళ్ళమ్మ ఇద్దరినీ పొగిడేది. "పెద్దది కష్టపడుతుంది, చిన్నదానికి ఇట్టే వచ్చేస్తుంది" అనేది. ఆ రెండు మాటల్లో ఏది పొగడ్తో ఆవిడకి పదిహేనేళ్ళప్పుడే అర్థమైపోయింది.

పెద్దయ్యాక ఎవరి ఊరు వాళ్ళది, ఎవరి సంసారం వాళ్ళది. ఆవిడ లిఫ్టులు బాగుచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. చిట్టి పెళ్ళి చేసుకోలేదు. కంటి ఆసుపత్రిలో రిసెప్షనులో కూర్చుంటుంది. అవతలివాళ్ళు గుడ్డివాళ్ళయినా సరే, దాని నవ్వు కనిపిస్తుందని వాళ్ళ బావ అంటాడు. మూడేళ్ళ కిందట ఆ ఆసుపత్రి వాళ్ళు మా ఊళ్ళో కొత్త శాఖ పెట్టి చిట్టిని ఇక్కడికి పంపించారు. అక్క వాళ్ళ వీధికి రెండు వీధుల అవతల గది తీసుకుంది.

క్లబ్బుకి తీసుకొచ్చింది అక్కే. అది ఆవిడ నాకు రెండు మూడుసార్లు చెప్పింది, తనని తనే తిట్టుకుంటున్నట్టు.

"రోజంతా కూర్చునే ఉద్యోగమే నీది కూడా. నడుం పట్టేస్తుంది. గురువారం రా నాతో," అందిట.

"నాకెక్కడ వస్తుందే పరుగు? బస్సు కోసం కూడా పరిగెత్తను నేను," అంది చిట్టి.

"రాకపోతే నడు. నేనున్నాగా."

మొదటి నెల చిట్టి నిజంగానే నడిచింది. నాతోపాటు. గుట్ట దగ్గర ఆగి ఆయాసపడుతూ పువ్వుల పేర్లు అడిగేది. నాకూ తెలీవు. పళ్ళక్క పందెం ముగించుకుని, మొహం కడుక్కుని, వాగు దాకా వెనక్కొచ్చి, "ఇంకొంచెమే, రా రా" అని చెల్లెల్ని చప్పట్లు కొట్టి పిలిచేది. ఆ నెలలో కనిపించినంత ఆనందంగా ఆవిడ ఇంకెప్పుడూ కనిపించలేదు. అది చెల్లెలు పక్కనుందన్న ఆనందం మాత్రమే కాదని తర్వాత ఆవిడే ఒప్పుకుంది.

రెండో నెల చిట్టి గుట్ట ఆగకుండా ఎక్కింది. మూడో నెల నన్నొదిలేసి ముందుకెళ్ళింది. ఆ వేసవి అయిపోయేటప్పటికి పదో స్థానంలో ఉంది. చలికాలమంతా ఏం చేసిందో ఎవరికీ తెలీదు. ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగేదాన్నంతే అని చెప్పేది. మళ్ళీ వేసవి వచ్చేసరికి అక్క భుజం పక్కన భుజం వేసి గట్టు మీద పరిగెడుతోంది.

పరుగు ఒకటే అయితే ఆవిడ ఓర్చుకునేదేమో. క్లబ్బంతా చిట్టి చుట్టూ చేరింది. క్లబ్బు నడిపేది డ్రైవరు గారు. ముప్పై ఐదేళ్ళు బస్సు తోలి రిటైరైన మనిషి, పెదవి విప్పడానికి కూడా బ్రేకు తీయాలి ఆయనకి. ఆయన కూడా చిట్టి వస్తే, "ఏమ్మా, ఆసుపత్రిలో ఎలా ఉంది?" అని అడిగేవాడు. పదకొండేళ్ళలో తన ల్యాబు ఎలా ఉందని ఆయన ఒక్కసారైనా అడిగాడా అని పళ్ళక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒక్క వేలూ మడవలేకపోయింది.

ఆ పైన చిట్టి మాటలు. దాని మాటల్లో విషం లేదు, అదే కష్టం. ఎవరు మెచ్చుకున్నా, "అంతా అక్క నేర్పిందే" అనేది. అది విన్నప్పుడల్లా పళ్ళక్క నవ్వేది. గొంతులో వెలక్కాయ పెట్టుకుని నవ్వడం ఎంత కష్టమో ఆవిడ మొహం చూస్తే తెలిసేది, నాకైతే తెలిసింది.

ఆఖరి పందేనికి ముందు వారం జరగాల్సింది జరిగింది. దిగుడులో చిట్టి అక్కని దాటింది. గీత దగ్గర నాలుగు సెకన్ల తేడా. డ్రైవరు గారు స్టాప్‌వాచీ నొక్కి, "నలభై ఒకటీ తొమ్మిది," అన్నాడు. చెక్క పలక మీద ఏడేళ్ళ అంకెలు చెరిపి కొత్త అంకెలు రాస్తున్నప్పుడు పళ్ళక్క బూటు తాడు కట్టుకుంటూ ఒంగుంది. ఆ తాడు అంతకు ముందే కట్టుంది.

ఆ సాయంత్రం అక్కావాళ్ళింట్లోనే భోజనం. వంటింట్లో చిన్న బల్ల చుట్టూ ముగ్గురు. లిఫ్టాయన సంబరంగా ఉన్నాడు.

"ఇంతకాలం మా ఇంట్లో ఒక్కతే అనుకున్నా, ఇద్దరున్నారన్నమాట. మరదలు మరీ రాకెట్టు," అన్నాడు.

"రాకెట్టూ లేదు ఏమీ లేదు బావా. దిగుడులో కాళ్ళు వాటంతటవే పోయాయి. అక్క ముందుందని కూడా చూసుకోలేదు," అంది చిట్టి.

"చూసుకోలేదా?" అంది పళ్ళక్క.

"లేదే, నిజంగా. ఏదో పాట గుర్తు చేసుకుంటున్నా."

పళ్ళక్క లేచి గిన్నెలు సింకులో వేసింది. కొంచెం గట్టిగానే వేసింది. తను ఏడేళ్ళు కాపాడుకున్న అంకెల్ని అది పాట గుర్తు చేసుకుంటూ తీసుకుపోయింది. కసిగా పరిగెత్తి ఓడించి ఉంటే ఇంత మండేది కాదని ఆవిడ నాతో అంది. పగ పట్టడానికైనా అవతలివాళ్ళకి కొంచెం పట్టింపు ఉండాలి కదా.

ఆ రాత్రి మొగుడు మాత్రం, "నీకు కుళ్ళుగా ఉందా ఏంటి?" అని సూటిగా అడిగేశాడు. లిఫ్టు ఎక్కడ ఇరుక్కుందో చప్పుడు బట్టి కనిపెట్టే మనిషి.

"నాకేం కుళ్ళు? నా చెల్లెలేగా," అంది.

"అందుకే అడిగాను," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

వారం గడిచింది. ఆఖరి పందెం అంటే మా ఊళ్ళో కొంచెం హడావుడి. పక్క ఊళ్ళ క్లబ్బుల వాళ్ళు కూడా వస్తారు, అందరి ఇంట్లోవాళ్ళూ వస్తారు. దారి పొడవునా నారింజ రంగు రిబ్బన్లు కట్టాలి. ఆ పని ఏటా పళ్ళక్కదే. బుధవారం సాయంత్రం ల్యాబునుంచి తిన్నగా వెళ్ళి, ఒక్కొక్క మలుపు దగ్గరా రిబ్బను ముడివేసి వచ్చింది. గుట్ట పైన బాట చీలే చోట ఎడమవైపు ఎండుకొమ్మకి పొడుగాటిది కట్టింది. కళ్ళున్నవాళ్ళెవరూ తప్పిపోలేరని సరిచూసుకుని మరీ దిగింది.

గురువారం ఐదుంబావుకి డ్రైవరు గారు ఈల వేశాడు. ఎండ ఇంకా పసుపుగా ఉంది, గట్టు మీద మట్టి వేడిగా ఉంది. మగవాళ్ళు ముందు దూసుకుపోయారు. వాళ్ళ వెనక అక్కాచెల్లెళ్ళు. వాగు వంతెన దగ్గర అక్క ముందు. గుట్ట సగంలో చెల్లెలు ముందు. ఆ పైన చెట్లలో చిట్టి ముప్పై అడుగుల ముందుంది, అడుగు తేలిగ్గా పడుతోంది. పళ్ళక్కకి దాని మడమలు కనిపిస్తున్నాయి. అంతకుమించి ఏదీ కనిపించడంలేదు. ఊపిరి రంపంలా కోస్తోంది. ఈ వయసులో ఇంకో వేసవి ఇంత బాగా పరిగెత్తగలనో లేదో అన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చిందిట.

బాట చీలే చోటికి వచ్చేసరికి రిబ్బను లేదు. మధ్యాహ్నం గాలికి ఆ ఎండుకొమ్మ విరిగి పక్కన పొదలో పడిపోయినట్టుంది. ముందు వెళ్ళిన మగవాళ్ళకి దారి కంఠతా వచ్చు. చిట్టికి కూడా వచ్చు, కానీ అది దారి చూసుకునే మనిషి కాదు, ఎప్పుడూ ముందున్న వీపునో రిబ్బన్నో చూసి తిరిగేది. ఇప్పుడు రెండూ లేవు. తల కూడా తిప్పకుండా కుడివైపు పోయింది.

పళ్ళక్క నోరు తెరిచింది.

మా క్లబ్బులో పెద్ద నియమాలేం లేవు. ఉన్న ఒక్క నియమం ఇదే: ఎవరైనా దారి తప్పితే చూసినవాళ్ళు అరవాలి. "చిట్టీ" అని రెండక్షరాలు. ముప్పై అడుగుల దూరం. దానికి వినపడేది.

తెరిచిన నోరు మూసుకుని ఎడమవైపు తిరిగింది.

చెట్ల కింద మట్టి మెత్తగా ఉంది, అడుగుల చప్పుడు కూడా లేదు. దిగుడంతా ఆవిడ జీవితంలో ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తింది. గెలుస్తానన్న ఆశతో కాదు, వెనక్కి తిరిగి అరవాల్సి వస్తుందేమోనన్న భయంతో. షెడ్డు దగ్గర గీత దాటేసరికి డ్రైవరు గారి గొంతు కూడా కొంచెం పెరిగింది. "నలభై యాభై ఒకటి," అన్నాడు. చప్పట్లు కొట్టారు. లిఫ్టాయన తువ్వాలు అందించాడు.

"మరదలేది?" అన్నాడు.

"నా వెనకే వస్తోంది," అంది పళ్ళక్క.

అరవకపోవడం ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు అని ఆవిడ తర్వాత నాతో అంది. మొదటిది ఒక్క క్షణంలో జరిగింది. రెండోది ఆలోచించుకుని చెప్పింది.

ఒక్కొక్కళ్ళూ వచ్చారు. పదిమంది, ఇరవైమంది. డ్రైవరు గారు పలక మీద కొత్త అంకెలు రాశాడు. ఆవిడ పేరు మళ్ళీ ఆ గడిలోకి వచ్చింది. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. ఆఖర్న నేనూ వచ్చాను. "దార్లో చిట్టి కనిపించిందా?" అని పళ్ళక్కే నన్నడిగింది. లేదన్నాను. ఆవిడ మొహంలో రక్తం లేదు. అలసటనుకున్నాను.

డ్రైవరు గారు జాబితా తీసి పేర్లు చదివాడు. చిట్టి పేరు దగ్గర ఆగాడు. "ఎవరైనా చూశారా?" అన్నాడు. అప్పుడు పళ్ళక్క, "క్వారీ వెనకవైపు చూడాలి," అని, ఎవరు వస్తున్నారో చూడకుండా మళ్ళీ గుట్టవైపు పరుగుతీసింది. తువ్వాలు భుజం మీదనే ఉంది.

మేం ఐదారుగురం వెనకాల వెళ్ళాం. వెలుతురు తగ్గుతోంది. చెట్ల కింద ముందే మసక పడింది. అందరం పిలుస్తున్నాం. పళ్ళక్క మాత్రం పిలవలేదు.

ముందు వినపడింది చిట్టి గొంతే. "అక్కా, అక్కా," అని. అది సాయం కోసం పిలుస్తున్న గొంతు కాదు, వెతుకుతున్న గొంతు.

క్వారీ వెనక గుంటలో, ఒక రాతి అంచు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. మోకాలినుంచి మడమ దాకా ముళ్ళు గీరిన చారలు. కుడి మడమ ఉబ్బి కుండలా అయ్యింది. అక్కని చూడగానే రాయి వదిలేసి ముందుకి వంగింది.

"ఎక్కడ పడ్డావే? దెబ్బ తగిలిందా?" అంది.

"నాకా?" అంది పళ్ళక్క.

"నీ అడుగుల చప్పుడు నా వెనకే వినపడుతోంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒకసారి నీ ఊపిరి కూడా వినిపించింది, పిలవబోతున్నట్టు. ఆ పైన ఏమీ లేదు. కళ్ళు తిరిగి పడిపోయావనుకున్నాను. వెనక్కొచ్చి చూస్తే బాట మీద లేవు. ఈ గుంటలో పడ్డావేమోనని దిగాను. నాకే కాలు మడతపడింది."

అప్పటికి డ్రైవరు గారూ, నేనూ ఆ అంచుకి చేరుకున్నాం. పళ్ళక్క గుంటలోకి దిగింది. చెల్లెలి చెయ్యి తన భుజం మీద వేసుకుంది. చెప్పేందుకు అదే సమయం. చెప్పలేదు. "లేదులే, నేను బాగానే ఉన్నాను. నువ్వు మాట్లాడకు, కాలు చూసుకుని నడు," అంది.

లిఫ్టాయనా నేనూ చెరో పక్కా పట్టుకుని చిట్టిని దింపాం. కింద అందరూ దాని చుట్టూ చేరారు. ఒకరు నీళ్ళు, ఒకరు ఐసు. డ్రైవరు గారు తన కండువా తీసి దాని భుజాల మీద కప్పాడు. "గెలవడం మానేసి అక్క కోసం వెనక్కొచ్చిందిట," అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. పళ్ళక్క కొంచెం దూరంగా నిలబడి వింది. సిగ్గుతో తల తీసేసినట్టుందిట. అది నిజమే. కానీ దాని కింద ఇంకో మాట కూడా మెదిలిందని ఆవిడ ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. "మంచితనంలో కూడా అదే మొదటొచ్చింది చూడు," అనుకుందిట. ఆ మాట మెదిలినందుకు తన మీద తనకే అసహ్యం వేసిందిట. అయినా మెదలడం ఆగలేదు.

మర్నాడు ల్యాబులో ఒక రిటైరైన టీచరుగారి పై సెట్టు అరగదీస్తూ, ముందు పన్ను మొన విరగ్గొట్టింది. అన్నేళ్ళ పనిలో మొదటిసారి. యజమాని పోనీలే అన్నాడు. ఆవిడే ఆప్రాను విప్పి, మధ్యాహ్నమే సెలవడిగి, డ్రైవరు గారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో పాత రేడియో విప్పుకుని కూర్చున్నాడు.

నిలబడే చెప్పింది. రిబ్బను, కుడివైపు, తెరిచిన నోరు, మూసిన నోరు, మొగుడితో అన్న మాట, అన్నీ.

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. తర్వాత, "నీ అంకెలు చెరిపేస్తానమ్మా," అన్నాడు.

"చెరిపెయ్యండి."

"అది నా పని. నీ పని నాకు చెప్పడం కాదు. చెల్లెలికి చెప్పావా?"

"లేదు."

"మరి ఇక్కడికెందుకొచ్చావు? బస్సు వాళ్ళింటి వైపు కూడా పోతుందిగా."

చిట్టి గదిలో మంచం మీద, కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, ఫోనులో ఎవరికో నవ్వుతూ ఏదో చెబుతోంది. అక్కని చూసి ఫోను పెట్టేసింది. పళ్ళక్క కుర్చీ లాక్కుని కూర్చుని, డ్రైవరు గారికి చెప్పినట్టే మొదటినుంచీ చెప్పింది. చిట్టి మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆవిడ చూడలేదు. చెబుతున్నంతసేపూ ఆ కట్టు కట్టిన కాలినే చూస్తోంది.

"చూశావా? నేను అటు పోవడం చూశావా?" అంది చిట్టి.

"చూశాను."

"నేను నీకోసం ఆ గుంటలోకి దిగాను అక్కా."

"తెలుసు."

"నువ్వు చచ్చిపోయావనుకున్నాను. ఎంతసేపు పిలిచానో తెలుసా? నువ్వక్కడ చప్పట్లు కొట్టించుకుంటున్నావు."

చిట్టి గోడవైపు తిరిగింది. "వెళ్ళు. ఇప్పుడు నీ మొహం చూడలేను," అంది.

అందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి ఏడు వారాలు అక్కతో మాట్లాడలేదు. లిఫ్టాయన రోజూ క్యారియరు తీసుకెళ్ళి ఇచ్చేవాడు. దాన్లో ఏముందో, ఎవరు వండారో ఆయన చెప్పలేదు, చిట్టి అడగలేదు. ఖాళీ క్యారియరు కడిగి వచ్చేది. క్లబ్బులో విషయం ఎలాగో పాకింది. పలక మీద ఆవిడ అంకెలు చెరిపి, దాని చోట చిట్టివి, నలభై ఒకటీ తొమ్మిది, మళ్ళీ రాశారు. కొందరు పళ్ళక్కతో మాట్లాడటం మానేశారు. ఆవిడ రావడం మానలేదు. పందేలు అయిపోయాక కూడా గురువారం గురువారం వచ్చి, అందరికన్నా వెనకాల, నాతో పరిగెత్తేది. అలాగే నాకీ కథంతా తెలిసింది.

ఎనిమిదో వారం చిట్టి అక్క ఇంటికి వచ్చింది. తనే వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "ఎందుకు చేశావో చెప్పు," అంది.

పళ్ళక్క బట్టలు మడతపెడుతోంది. చేతిలో చొక్కా అలాగే పట్టుకుని చెప్పింది. "నీకు అన్నీ ఇట్టే వచ్చేస్తాయి. ఇది ఒక్కటే నేను కష్టపడి సంపాదించుకున్నాను. అదీ నీకు వచ్చేసింది. నాకు మండింది."

"నిన్ను ఓడించాలని నేనెప్పుడూ అనుకోలేదే. నాకు పరిగెత్తడం బాగుంటుంది, అంతే."

"అదే నా మంట."

చిట్టి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "అయితే నన్నేం చెయ్యమంటావు? నెమ్మదిగా పరిగెత్తనా?"

"వద్దు. అది ఇంకా మంట."

చిట్టికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. పళ్ళక్క నవ్వలేదు గానీ, చేతిలో చొక్కా మూడోసారి మడతపెట్టింది. చిట్టి మంచం మీద కూర్చుని ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. వంకర టింకరగా. "అది అలా కాదు," అంది అక్క. "నువ్వే చేసుకో," అని చిట్టి దాన్ని విసిరేసింది. క్షమించానని అది అనలేదు. ఆ రోజు భోజనానికి ఆగింది.

పై వేసవిలో చిట్టి నలభై నిమిషాల లోపు వచ్చింది. పళ్ళక్క రెండో స్థానం, అదీ నిమిషమున్నర వెనక. ప్రతిసారీ గీత దాటాక చెల్లెలి దగ్గరికి వెళ్ళి, "ఎంత?" అని అడిగేది. అంకె విని, మొహం మాడ్చుకుని, నేను వచ్చేదాకా ఆగి నా దగ్గర టీ తీసుకునేది. "తగ్గిందా మంట?" అని ఒకసారి అడిగాను. "చక్కెర తక్కువైంది," అంది.

పోయిన ఏడాది ఆసుపత్రి వాళ్ళు చిట్టిని ఇంకో ఊరికి మార్చారు. బస్సెక్కించి వచ్చిన సాయంత్రం పళ్ళక్క ల్యాబుకి వెళ్ళి, పని లేకపోయినా ఎనిమిదింటిదాకా కూర్చుందిట. ఆ వారం పందెంలో మళ్ళీ ఆవిడే మొదటిది, నలభై రెండున్నర. నేను గీత దాటాక ఆ అంకె విని చప్పట్లు కొట్టాను. ఆవిడ షెడ్డు చుట్టూ ఒకసారి చూసి, ఏదో మర్చిపోయిన దానిలా నిలబడింది.

చిట్టి ఆ ఊళ్ళో కూడా ఒక క్లబ్బు వెతుక్కుంది. వాళ్ళ పందెం కూడా గురువారమే. ఏడింటికి ఫోను చేస్తుంది. మొన్న నేను పక్కనే కప్పులు కడుగుతున్నాను.

"ఎంత?" అంది పళ్ళక్క.

అటునుంచి అంకె వినపడింది. ముప్పై తొమ్మిది చిల్లర.

"గుట్టలున్నాయా?"

"ఒకటుందిలే, చిన్నది."

"అయితే లెక్కలోకి రాదు," అని, ఫోను చెవికి ఆనించుకునే బల్ల మీద కూర్చుని, "కాలు ఎలా ఉంది?" అని అడిగింది.